కలబందకు టచప్

ఆ వీధిలో ఎలాంటి మొహమైనా సరే, ఒక్కసారి అతని స్టూడియోలోకి వెళ్లి బయటికొచ్చిందంటే ఉడకబెట్టి పెంకు తీసిన కోడిగుడ్డులా తయారవ్వాల్సిందే. మచ్చలుండవు, ముడతలుండవు, మొటిమలుండవు. హడావుడి ఎక్కువైన రోజున ముక్కుపుటాలు కూడా ఉండవు. అందుకే అమ్మా నాన్నా పెట్టిన పేరు ఏనాడో అటకెక్కి, వీధంతా అతన్ని "నునుపు" అని పిలవడం మొదలుపెట్టింది. అతనికి దాని మీద కోపం లేదు సరికదా, ఎవరో సభ పెట్టి బిరుదిచ్చినట్టు మురిసిపోయేవాడు.

నునుపుకి లోకంలో ఇద్దరంటే భయం. ఒకరు భార్య. పెళ్లాం అంటే భయం పళ్లు తోముకోవడంలాంటిది, రోజూ ఉండేదే కాబట్టి దాన్ని పక్కన పెడదాం. రెండో మనిషి అక్క. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే కళ్ల కింద రంగు చూస్తుంది, గోళ్ల రంగు చూస్తుంది, "నీకు రక్తం తక్కువ" అనో, "నిన్న మందులు మానేశావు కదూ" అనో చెప్పేస్తుంది. ఆ తర్వాత ఎన్ని పరీక్షలు చేయించినా అదే తేలుతుంది. రంగు చూసి రోగం చెప్పడంలో ఆవిడకి తిరుగులేదు.

ఇప్పుడు ఆ అక్క కూతురికి పెళ్లి కుదిరింది. ఇంకా నాలుగు నెలలుంది. సొంత మేనమామ ఫోటోగ్రాఫర్ అయి ఉండగా పెళ్లి ఫోటోలు ఎవరు తీస్తారని అడిగేవాడికి బుద్ధి లేదని మీరనుకుంటారు. అక్క మాత్రం అడుగుతూనే ఉంది. ఎదురు వీధిలో కొత్తగా పెట్టిన స్టూడియో మెట్ల మీద ఆవిడ కనిపించిందని కబురు కూడా వచ్చింది. ఆ కబురు విన్న రోజున నునుపు అన్నంలో పెరుగుకి బదులు మంచినీళ్లు పోసుకున్నాడు.

అక్క వైపు నుంచి చూస్తే ఆవిడ భయం ఆవిడది. అంతకుముందు కొడుకు పెళ్లికి ఫోటోలు తీసింది నునుపే. ఆల్బం వచ్చాక చూస్తే బావ గడ్డం మీద చింతగింజంత పుట్టుమచ్చ మాయం. ఆ మచ్చ లేకపోతే బావని సొంత లారీ క్లీనరే గుర్తుపట్టడు. ఎనభై నాలుగేళ్ల అమ్మమ్మ తన ఫోటో తానే చూసుకుని, "ఎవరమ్మా ఈ పిల్ల, పెళ్లికూతురు వైపు చుట్టమా? సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. నునుపుకి వేళాకోళం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒకసారి అక్క డ్యూటీలో ఉండగా ఆవిడ ఇంటి మెట్ల మీద తాచుపాము పడగ విప్పినట్టు కంప్యూటర్‌లో బొమ్మ అతికించి ఫోన్‌కి పంపాడు. నిజమేనా అని అడిగితే అమ్మ తోడని ఒట్టు కూడా వేశాడు. ఆవిడ చేతిలో సూదితోనే పరుగెత్తుకొచ్చింది.

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకుని, ఒక పొద్దున్న అక్క స్టూడియో మెట్లెక్కింది. చంకలో మట్టి కుండీ ఉంది. కుండీలో కలబంద. పదకొండేళ్లుగా ఆవిడ వంటింటి కిటికీలో బతుకుతున్న మొక్క. ఆకులు దిట్టంగా, నీళ్లు నిండి, మోచేతుల్లా ఉన్నాయి.

"ఒరేయ్, మూడు నెలలు ట్రైనింగుకి పొమ్మన్నారు. మీ బావ లారీ ఎక్కాడంటే ఇల్లు గుర్తుండదు. పిల్లేమో ఉద్యోగం ఊళ్లో హాస్టల్లో ఉంది. ఇంటికి తాళం. దీన్ని నీ దగ్గర పెట్టి పోతున్నా."

"నన్ను నమ్మి పెడుతున్నావా అక్కా!" నునుపు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నిన్ను నమ్మి కాదు, కలబందని నమ్మి. మొండి ఘటం ఇది. ఎలాంటి వాడి చేతిలో పడినా బతుకుతుంది. నీళ్లు పది రోజులకోసారి, అదీ మట్టి బాగా ఎండితేనే. ఇకపోతే వెలుతురు..."

"అక్కా, అక్కడ ఆగు. చేపపిల్లకి ఈత నేర్పుతావా? ఇరవై రెండేళ్లుగా నేను తినే అన్నం వెలుతురుతో వండిందే. ఎంత వెలుతురు, ఏ పక్క నుంచి, ఎంత మెత్తగా... నాకు చెబుతావా నువ్వు?"

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"సరే, నీ వెలుతురు నీ ఇష్టం. ఆదివారం ఆదివారం దీని ఫోటో పంపు. నేనొచ్చేసరికి ప్రాణంతో ఉంటే పిల్ల పెళ్లి ఫోటోలు నీవి. పోయిందో, ఎదురు వీధి వాడికి మాటిచ్చేస్తా. నువ్వు చుట్టంలా వచ్చి, కూర్చుని, భోంచేసి, అక్షింతలేసి పోదువుగాని."

అక్క వెళ్లిపోయాక నునుపు కుండీని రెండు చేతులా ఎత్తుకుని, స్టూడియో లోపలి గదిలో, కస్టమర్లు కూర్చునే స్టూలు పక్కన, నీలం తెర ముందు పెట్టాడు. ఆ గదికి కిటికీ లేదు. ఉన్న కిటికీని అతనే నల్లగుడ్డ కొట్టి మూయించాడు. ఎండ అంటే వాళ్ల వృత్తిలో పడని చుట్టం. చెప్పాపెట్టకుండా వస్తుంది, మొహాలు పాడు చేస్తుంది. వెలుతురంటే గొడుగు లైటుది. మీట నొక్కితే రావాలి, పని కాగానే పోవాలి. అతనికి తెలిసిన వెలుతురంతా కన్నార్పేంత సేపే. రోజుకి పది మంది ఫోటోలకొస్తే కలబందకి పది మెరుపులు. మొత్తం కలిపితే ఒక తుమ్ముకి పట్టే టైము. పాపం, ఆ తుమ్ముతోనే అది రోజంతా కడుపు నింపుకోవాలి.

మొదటి ఆదివారం ఫోటో తీశాడు. మొక్క బాగానే ఉంది, దిద్దాల్సిన పనే లేదు. అయినా చెయ్యి ఊరుకోదు కదా! ఒక ఆకు మీద పాత గీత ఉంటే చెరిపేశాడు. కాస్త మెరుపు పెట్టాడు. "బాగుంది, అక్కడే ఉంచు" అని అక్క జవాబిచ్చింది.

నాలుగో ఆదివారానికి కలబంద వాలకం మారింది. వెలుతురు ఏ మూల ఉందో వెతుక్కుంటూ ఆకులు సన్నగా సాగాయి. పాలిపోయాయి. ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషి చేతుల్లా పక్కలకి వేలాడబడ్డాయి. నునుపు చూశాడు, నిట్టూర్చాడు, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వేలాడే ఆకుల్ని ఒక్కొక్కటే పైకి లేపాడు, లావు చేశాడు, పచ్చరంగు నింపాడు.

వెనక నుంచి భార్య తొంగి చూసింది. "చెట్టేమో ఇక్కడ కూలబడింది. ఫోటోలో మాత్రం ఇప్పుడే కసరత్తు చేసొచ్చినట్టుంది. ఉన్నదున్నట్టు పంపితే మీ అక్కే ఏదో ఒకటి చెబుతుంది కదా?"

"చూసినవాళ్ల మనసు కష్టపడే ఫోటో ఇవ్వడం మా వృత్తిలో లేదే."

"చెట్టుకి తెలుసా ఆ సంగతి?"

సాయంత్రం అక్కే ఫోన్ చేసింది. గొంతులో ఆశ్చర్యం దాచుకోలేకపోయింది. "ఏమో అనుకున్నాను గానీ, రంగు చూస్తే బ్రహ్మాండంగా ఉందిరా! వెలుతురు సరిగ్గా అందుతోంది. ఎక్కడ పెట్టావో అక్కడే ఉంచు. వేలెడు కూడా కదపకు."

నునుపు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "విన్నావా?" అన్నాడు భార్యతో. "అక్క రంగు చూసి చెప్పిందంటే తిరుగుండదు." ఆ రంగు తాను వేసిందేనన్న ముక్క ఆ క్షణాన అతనికి తట్టలేదు. తన ఫోటోని తానే నమ్మేశాడు. ఆ స్టూడియోకి ఇరవై రెండేళ్లలో అంత సులువుగా పడిపోయిన కస్టమర్ ఇంకొకడు లేడు. కుండీని వేలెడు కూడా కదపలేదు.

ఏడో వారంలో ఒక ఆకు నడిమికి మడత పడి కిందికి వాలిపోయింది. అప్పుడు తట్టింది నునుపుకి, అక్క మెచ్చుకున్న రంగు తాను పూసిందేనని. ఎదురు వీధి వాడు పెళ్లిలో అటూ ఇటూ తిరుగుతూ ఫోటోలు తీస్తున్నట్టు, తాను ఒక మూల కుర్చీలో ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నట్టు, చుట్టాలంతా వరసగా వచ్చి "అదేంటయ్యా, నువ్వు తియ్యడం లేదా?" అని అడుగుతున్నట్టు కళ్ల ముందు సినిమా తిరిగింది. కుండీని చంకనేసుకుని మేడ మీదకి పరుగెత్తాడు.

మిట్టమధ్యాహ్నం. కాలు పెడితే బొబ్బలెక్కే సిమెంటు డాబా. ఏడు వారాలు చీకటి కొట్లో పడుకున్నదాన్ని తీసుకెళ్లి సరిగ్గా నడినెత్తిన ఎండ పడేచోట కూర్చోబెట్టాడు. "తిను," అన్నాడు, "కావలసినంత తిను." ఆకలితో ఉన్నవాడికి నిప్పుకణికలు వడ్డించినట్టయింది. వారం తిరిగేసరికి పచ్చటి ఆకు కాస్తా ఇటుకరంగుకి తిరిగింది. మొనలు మాడి, ముట్టుకుంటే చిటుక్కుమన్నాయి.

మళ్లీ ఆదివారం వచ్చింది. ఆదివారాలకి జాలి ఉండదు. నునుపు మళ్లీ రంగు పూశాడు. ఈసారి కంగారులో, ఫోటోల వెనకాల పచ్చికబయలుకి వాడే ముదురాకుపచ్చ పడింది. చూడ్డానికి కలబంద అడవిలోంచి అప్పుడే లేచొచ్చినట్టుంది.

అక్క ఫోన్. "ఒరేయ్, ఇంత ముదురుగా ఉందేంట్రా? రంగు చూస్తే ఎండ చాలడం లేదు. ఇంకాస్త ఎండలో పెట్టు."

నునుపు మేడ మీద నిలబడి పైకి చూశాడు. మేడకి పైన మేడ లేదు. సూర్యుడికీ కుండీకీ మధ్య ఒక కాకి తప్ప అడ్డం లేదు.

"ఇంకా ఎండంటే ఎలాగే?" అన్నాడు భార్యతో.

"నిచ్చెన వేసుకుని ఆయన దగ్గరికే తీసుకుపోండి. పనిలో పని, ఆయన మొహం మీద మచ్చలేమైనా ఉంటే చెరిపేసి రండి."

ఆవిడ ఎకసెక్కానికి అంది. అతను నిజంగానే ఆలోచించాడు. పెళ్లిళ్లలో మొహం మీదకి వెలుతురు తిప్పే వెండి అట్టలు నాలుగుంటాయి స్టూడియోలో. నాలుగూ పైకి మోసుకొచ్చి కుండీకి నాలుగు పక్కలా నిలబెట్టాడు. కింద నుంచి ఎండ, పక్కల నుంచి ఎండ, పై నుంచి అసలు ఎండ. పక్కింటి డాబా మీద బట్టలారేస్తున్న ముసలాయన కాసేపు చూసి, "ఏం వండుతున్నావు బాబూ?" అని అడిగాడు.

మూడు రోజుల తర్వాత నునుపు ఆ అట్టల మధ్య గొంతుక్కూర్చున్నాడు. కలబంద ఇంక పచ్చగా కనబడే చోటు ఒక్క నడిబొడ్డునే ఉంది, బొటనవేలంత. దాన్ని చూస్తుంటే నవ్వులాటలన్నీ ఆవిరైపోయాయి. పుట్టినప్పటి నుంచి ఎత్తుకున్న మేనకోడలు. మొదటి పన్ను ఊడినప్పుడు ఆ బోసినవ్వు ఫోటో తీసింది అతనే. ఆ ఒక్క ఫోటో మాత్రం ఎందుకో దిద్దలేదు, అది ఇప్పటికీ కౌంటరు అద్దం కింద ఉంది. అలాంటి పిల్ల పెళ్లికి తాను చుట్టంలా పోవాలి.

"వేరే కలబంద తెచ్చి పెడితేనో?" అంది భార్య. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"పేషెంటుని మారిస్తే నర్సుకి తెలీదా? వద్దు. చెప్పేస్తాను."

ఫోటో తీశాడు. మేడ మీద వెలుతుర్లో, ఉన్నదున్నట్టు. పంపే ముందు కుడిచెయ్యి ఒకటే దురద పెట్టింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, భార్య చేత మీట నొక్కించాడు.

అయిదు నిమిషాలకి అక్క ఫోన్. నునుపు కళ్లు మూసుకుని ఎత్తాడు. అవతల నుంచి నవ్వు. ఆవిడొక్కదాని నవ్వు కాదు, ఒక వార్డు నవ్వు.

"పామైపోయింది, ఇప్పుడిదా? నన్ను హడలగొట్టాలని ఎర్రరంగు పులిమావు కదూ! ఆ మొనలు చూడండర్రా, ఎంత బాగా మాడ్చాడో! నీకు పనితనం ఉందిరా, బుద్ధే లేదు."

"అక్కా, ఇది నిజం. ఒట్టు."

"పాముకీ ఒట్టే వేశావు."

పూసిన రంగులన్నీ నమ్మి, పూయని ఒక్క రంగునీ నమ్మని మనిషికి ఏమని చెప్పడం? నునుపు మింగలేడు, కక్కలేడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"సరే అక్కా, నాది వేళాకోళమే అనుకో. ఒకవేళ... ఎవరి కలబందైనా నిజంగానే ఇలా అయితే ఏం చెయ్యాలి?"

"ఎవడ్రా ఆ వెధవ?"

"ఉన్నాడులే, మా వీధిలో ఒకడు."

"ముందు వాణ్ని తీసుకెళ్లి ఎండలో నిలబెట్టు. చెట్టుని నీడలోకి తియ్యి. నీడంటే చీకటి కాదు, రోజంతా పేపరు చదువుకునేంత వెలుతురుండాలి. తూర్పు కిటికీ అయితే మేలు, పొద్దున్న ఒక గంటో రెండు గంటలో లేత ఎండ తగులుతుంది, చాలు. వారానికోసారి కుండీ కాస్త తిప్పాలి. చీకట్లోంచి ఎండలోకి తేవాలంటే రోజుకి కొంచెం కొంచెం అలవాటు చెయ్యాలి, ఒక్కసారే తోసెయ్యకూడదు. ఎర్రబడ్డది నిదానంగా పచ్చబడుతుంది. మాడిన మొనలు మాత్రం మళ్లీ రావు, వాటి గురించి ఏడవొద్దని చెప్పు." ఒక్క క్షణం ఆగి అంది, "ఇదంతా నీకు ఆ రోజే చెబుదామనుకున్నా. నువ్వు చేపపిల్లవి కదా, ఈదేశావు."

ఫోన్ పెట్టేశాక నునుపు ఇల్లంతా తూర్పు కిటికీ కోసం వెతికాడు. ఉన్నది ఒక్కటే. స్టూడియో ముందున్న పెద్ద అద్దాల షోకేసు. అందులో మనిషంత ఎత్తు ఫోటో ఒకటి పదేళ్లుగా నిలబడి ఉంది. అతని చేతిపనికంతా తలమానికం. ఆ ఫోటోలో ఎవరో పెళ్లికూతురి మొహం ఎంత నున్నగా ఉంటుందంటే ఈగ వాలితే జారి పడాలి. అరగంట సేపు ఫోటోనీ కుండీనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోటోని తీసి గోడ వైపు తిప్పి పెట్టాడు. ఆ చోట మాడిన కలబంద కూర్చుంది.

వీధి ఊరుకుంటుందా? పొద్దున్నే పాలాయన సైకిలాపాడు. "నునుపూ! నీ షాపులో నునుపుగా లేనిది ఒకటి కనిపిస్తోంది, చూసుకున్నావా?" బార్బరు వచ్చి, "టచప్‌కి ముందు ఫోటోలు కూడా పెడుతున్నావా ఏంటి?" అన్నాడు. నునుపు తల వంచుకుని కుండీని కాస్త తిప్పి పెట్టాడు.

తర్వాతి నాలుగు ఆదివారాలూ ఉన్నదున్నట్టే పంపాడు. అక్క వాటినీ నమ్మలేదు. "ఈ వారం ఎరుపు కాస్త తగ్గించావేంట్రా, రంగు అయిపోయిందా?" అని అడిగింది. ఎరుపు నిజంగానే తగ్గుతోంది. నడిబొడ్డున చిటికెనవేలంత కొత్త ఆకు కూడా లేచింది.

మూడు నెలలు నిండిన రోజున అక్క బస్సు దిగి, సంచీతో తిన్నగా స్టూడియోకే వచ్చింది. మెట్లెక్కలేదు. షోకేసు ముందే ఆగిపోయింది. అద్దానికి అటు నునుపు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అక్క ఫోన్ తీసింది. మొదటి ఫోటో నుంచి చివరిదాకా ఒక్కొక్కటీ అద్దం పక్కన పెట్టి, కేసు షీటు చూసినట్టు చూసింది. మొదటివన్నీ దాటి చివరి అయిదింటి దగ్గర వేలు ఆగింది.

"ఇవే నిజమా?"

"ఇవే."

"ఆ వీధిలో వెధవ?"

"నేనే అక్కా."

అక్క లోపలికొచ్చి కుండీ ముందు కూర్చుంది. ఆకు అడుగు నొక్కి చూసింది, మట్టి తడిమింది, కొత్త ఆకు మీద చూపుడువేలు పెట్టింది. అంతసేపు నాడి చూసిన నర్సు ఎప్పుడూ లేదు.

"ప్రాణం ఉంది," అంది చివరికి. "ప్రాణంతో ఉంటే నీకే అన్నాను, మొనలతో సహా ఉండాలనలేదు. మాటంటే మాటే. కానీ పెళ్లి ఫోటోలు ఈ చివరి అయిదులా ఉండాలి. ఉన్నదున్నట్టు. ఒక్క మొహం మీద చెయ్యి పడిందో, నీ మొహం మీద నా చెయ్యి పడుతుంది. ఒట్టు వెయ్యి. అమ్మ మీద వద్దు, ఆవిడ మీద ఇప్పటికే చాలా వేశావు. దీని మీద వెయ్యి."

నునుపు కలబంద మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ముల్లు గుచ్చుకుంది.

పెళ్లి జరిగింది. నునుపు మాట మీద నిలబడ్డాడు. బావ పుట్టుమచ్చ ఎక్కడుండాలో అక్కడే ఉంది. అమ్మమ్మ ఫోటో చూసి, "ఇది నేనే" అని తృప్తిగా అంది. పెళ్లికూతురి నవ్వు బోసినవ్వప్పటి నవ్వులాగే వచ్చింది. ఆల్బం కట్టించే ముందు చూసి పొమ్మంటే, ఒక మధ్యాహ్నం అక్క ఒక్కతే వచ్చి షోకేసు పక్కన కూర్చుంది. పెళ్లి హడావుడి తీరేదాకా ఇక్కడే ఉంచమని ఆవిడ వదిలేసిన కలబంద షోకేసులో మళ్లీ ఒళ్లు చేసింది.

"బాగా తీశావురా. ఎవరు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు," అంటూ ఒక్కో ఫోటో తిప్పుతోంది. ఒకచోట వేలు ఆగిపోయింది.

"ఈ మెడ ఎవరిదిరా?"

"నీదే అక్కా. ఉన్నదున్నట్టు."

"ఆ రోజు నీ లైటు సరిగ్గా లేదేమో."

"లైటు సరిగ్గానే ఉందక్కా. తూర్పు కిటికీ వెలుతురే, మెత్తటిది."

అక్క ఫోటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. మెడ తడుముకుంది. వీధిలోకి ఒకసారి తొంగి చూసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నా ఒక్కదానికే. మీ బావకి చెప్పకు," అంది.

"మరి ఒట్టేశాను కదా? దీని మీద." నునుపు కలబందని చూపించాడు.

అక్క లేచింది. షోకేసుకి షాపు లోపలి వైపు ఒక పాత తెర ఉంటుంది. దాన్ని కలబందకి అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరికి లాగేసింది.

"మధ్యాహ్నం ఎండ దీనికి మంచిది కాదు," అంది.

ఎండ వచ్చేది వీధి వైపు నుంచే గానీ షాపులోంచి కాదు. పైగా తూర్పు అద్దానికి మధ్యాహ్నం ఎండే రాదు. ఈ రెండు ముక్కలూ ఆవిడకి చెప్పే ధైర్యం నునుపుకి లేదు. కుర్చీ ముందుకి జరుపుకుని కంప్యూటర్ ఆన్ చేశాడు.

"ఎంత తియ్యమంటావు?"

"మరీ కోడిగుడ్డులా చెయ్యకురా," అంది అక్క, స్టూలు దగ్గరికి లాక్కుంటూ. "కొంచెం కొంచెంగా. చూసేవాళ్లకి అలవాటవ్వాలి కదా."